వెండి గుర్తు

కార్డు అడుగున, కుడి మూల,
మిరియపు గింజంత గుర్తు ఉంటుంది.
నల్లదైతే మామూలు.
బంగారు రంగైతే అద్దాల అర, తాళం.
వెండిదైతే
దోన్ ఎవరీస్తో చూడకుండానే విసిరేస్తాడు
బూట్ల అట్టపెట్టెలోకి.
పెట్టె మీద స్కెచ్ పెన్ను రాత:
ఏదైనా వంద పెసోలు.

నేను ఆ పెట్టె మనిషిని.

పగలంతా వల్పరాయిసో రేవులో
ముప్పై మీటర్ల ఎత్తున, క్రేన్ గదిలో.
ఎవరివో టీవీలు, ఎవరివో ద్రాక్షపళ్లు
ఓడ మీంచి నేలకి, నేల మీంచి ఓడకి.
శుక్రవారాలు దిగి
చేతుల గ్రీజు వాసన పోకముందే
ఎవరీస్తో కొట్లో మూడో బల్ల దగ్గర కూర్చుంటాను.

అక్కడ నాకు ఓర్మెక్ ఉన్నాడు,
ఉప్పు గిడ్డంగి గుమాస్తా.
ఆయన బల్ల మీదున్నంతసేపు
ఎవరు రెండో కార్డు వేసినా సుంకం కట్టాలి.
ఇలాంటివాడు పురాణపురుషుడెలా అయ్యాడంటారా,
మా కస్టమ్స్ కిటికీ ముందు
ఒక పూట నిలబడి చూడండి.

పీవా కవలలున్నారు.
ఇద్దరికీ కలిపి ఒకటే కార్డు,
దెబ్బ ఎవరికి తగిలిందో
నియమాల పుస్తకానికీ తెలీదు.

అందరికన్నా తెల్వా.
మూడో రేవు పడవమనిషి.
బలం ఒకటి, ఓర్పు మూడు.
ముఖం సగం పొగమంచులో,
తెడ్డు పట్టిన చేతికి ఆరు వేళ్లు
(బొమ్మ గీసినవాడికి తొందరేమో).
చచ్చినవాటిలో ఒకదాన్ని,
చిన్నదాన్నే,
మళ్లీ నా చేతికి తెచ్చిస్తుంది.
డ్రాగన్లని తేదు. పడవ మునుగుతుంది.

పేరు గొప్ప, బలం దిబ్బ
అని నవ్వుతారు పక్క బల్లవాళ్లు.
నవ్వనీ.

ఒక నియమం ఉంది:
పురాణమంటే ఒకే ఒక్కరు.
నా వైపు రెండో తెల్వా వచ్చిందా,
ఒకామె వెళ్లిపోవాలి,
ఎవరో నేనే తేల్చాలి.
లోకానికంతటికీ ఒక్కతే ఆమె.
మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో
పదకొండు మంది.

మొన్న నెహుయెన్ వచ్చాడు, పన్నెండేళ్లు,
పుట్టినరోజు డబ్బు పిడికిట్లో చెమటపట్టి.
ప్యాకెట్ చింపాడు.
బంగారం కోసం చివరి కార్డు దాకా
ఊపిరి బిగబట్టాడు.
తెల్వా.
"మళ్లీ ఈమేనా!"

"ఉంచుకో" అన్నాను.
"దీనికి విలువ లేదు కదత్తా."
జవాబు చెప్పడం నాకు చేతకాదు.
"కూర్చో, ఆడదాం."

వాళ్లన్న దగ్గర అరువు తెచ్చిన డ్రాగన్
నాలుగో వంతుకే దిగింది.
నేను ఎలుకని అడ్డం పెట్టాను. చచ్చింది.
తెల్వా తెచ్చింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ చచ్చింది.
ఒకటే ఎలుక, అయిదు చావులు,
ఆరోసారికి దోన్ ఎవరీస్తో కూడా
కాఫీ వదిలి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు వాడు
మోజు లేకుండానే తన తెల్వాని దించాడు.
ఎదుటి వైపు కాబట్టి నియమం ఊరుకుంది.
ఇద్దరు ఒకే ఒక్కరూ
బల్లకి అటూ ఇటూ,
పన్నెండు వేళ్లతో
ఒకరినొకరు చూసుకుంటూ.

"నిజమైనామె ఎవరు?" అన్నాడు.

నేను ఎలుకని అడ్డం పెట్టాను.

గెలిచింది డ్రాగనే, దాచడమెందుకు.
పదకొండు దాటింది, కొండ లిఫ్టు ఆగిపోయింది,
నూట అరవై మెట్లు ఎక్కాను,
ఎవరిదో కాని గోధుమరంగు కుక్క
సగం దాకా తోడొచ్చి మానేసింది.

ఈ శుక్రవారం బూట్ల పెట్టె వెతికాను.
ఓర్మెక్‌లు ఉన్నారు, కవలలున్నారు.
తెల్వా ఒక్కతీ లేదు.
"ఆ పిల్లాడే, నలుగురినీ పట్టుకుపోయాడు,
అన్నీ చిల్లర నాణేలు" అంటూ
దోన్ ఎవరీస్తో పెట్టె మీద వంద కొట్టేసి
నూట యాభై రాశాడు.

డబ్బాలో పదకొండు మందికి
ఈ సంగతి ఇంకా చెప్పలేదు.