బొటనవేలు

పేరు చెప్పను.
చెప్పకపోవడానికే నాకు జీతమిస్తారు.
పేర్లన్నీ ఇనప బీరువాలో, తాళంచెవి నా మెడలో.
స్నానానికి కూడా తియ్యనని మా ఆయన నవ్వుతాడు.
బయట తిరిగేవి అంకెలే.

పంతొమ్మిదేళ్ళుగా, ఆర్నెల్లకోసారి
నలుబాలె సరస్సు ఒడ్డు ఊళ్ళన్నీ తిరుగుతాడు సెమ్వాంగా.
మోటార్‌సైకిల్ వెనక ఐసుపెట్టెలో రక్తం,
భుజాన సంచిలో ప్రశ్నలు.
మందులు ఎన్ని రోజులు తప్పాయి?
ఎవరితో పడుకున్నారు? నిన్న ఎన్ని పూటలు తిన్నారు?
జవాబు చెప్పనివాళ్ళకి తొంభై తొమ్మిది వేస్తాం.
ఊరు మారినవాళ్ళకి డెబ్భై ఏడు.
మాత్రలు ఇంకా మా దాకా రాని రోజుల్లో
నా వేలు ఎక్కువగా నొక్కిన అంకె వేరే ఉంది.
అది ఇక్కడ వద్దు.

ఈ వానాకాలం పాత కాయితాలు స్కాన్ చేస్తున్నాం.
చెదలు తిన్నవి, చేపల వాసన పట్టినవి,
అంగీకార పత్రాల అడుగున ఊదారంగు బొటనవేళ్ళు.
కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా
టార్చి వెలుగులో ఒకటి కనబడింది.
వేలికి అడ్డంగా గాటు.
అరటి గెల నరుకుతూ కత్తి జారిందేమో.
సుడి తిరుగుతూ వచ్చిన గీతలన్నీ అక్కడ ఆగి,
ఒక మెట్టు దిగి, మళ్ళీ నడిచాయి.

ఆ మెట్టు నేను నిన్ననే దిగాను,
వేరే అంకె కింద.

మొదటి అంకెది గుట్టమీది ఊరు. ఇరవై రెండేళ్ళు. వివాహిత.
నాలుగో విడతలో, మరణం.
చెప్పినవారు: భర్త.
నూరేళ్ళూ ఒక్క గడిలో నిండిపోయాయి.
రెండో అంకెది రేవు. ఎండుచేపల బేరం. ఒంటరి.
పద్నాలుగేళ్ళలో ఒక్క విడత తప్పలేదు.
వైరస్ పరీక్షకి అందనంత తక్కువ.

వెళ్ళాను. తెల్లవారే వలలమీద
వెండి రజనులాంటి ముకెనె చేపల్ని చేత్తో తిరగేస్తోంది.
గూడకొంగలు పింఛనుకొచ్చిన ముసలాళ్ళలా వరసకట్టాయి.
రెండు కాయితాలూ చూపించాను, ఏమీ అనలేదు.
ముందు తన వేలు చూసుకుంది, తర్వాత నన్ను.
"చచ్చానన్నాడా?"
నవ్వింది. పన్ను ఒకటి లేదు.
"జన్మలో ఒక మంచిపని చేశాడు, న్యాబో.
బతికుందంటే కర్ర పట్టుకుని వెతికేవాడు."
మధ్యలో మూడేళ్ళు ఏ గడిలోనూ లేవే, అన్నాను.
చేపలు తిరగేసింది. అటు వరస అయింది, ఇటు వరస అయింది.
తొంభై తొమ్మిది రాసుకున్నాను.
"నీ పుస్తకంలో దిద్దుకో," అంది చివరికి.
"ఆ ఊళ్ళో మాత్రం నన్ను లేపకు."
కిలో చేపలు కొన్నాను. ఒక్క షిల్లింగు తగ్గించలేదు.

మధ్యాహ్నం రెండు వరసలూ ఒకటి చేశాను.
అచ్చయిపోయిన పట్టికలో, ఎక్కడో చలిదేశంలో,
చావుల మొత్తం ఒకటి తగ్గాలి.
వాళ్ళకి ఉత్తరం రాయాలి, సంజాయిషీ ఇవ్వాలి.
మార్పుకి కారణం? అని అడిగింది యంత్రం.
టైపు పొరపాటు. ప్రయోగశాల పొరపాటు. ఇతరం.
ఇతరం నొక్కాను.
వివరించండి, అంది.
బొటనవేలు, అని రాశాను.

ఇంటికి పోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.
మరణం. చెప్పినవారు: భర్త.
వెతకమన్నాను.
అరవై ఒక్క వరసలు వచ్చాయి.

అందరూ ఎక్కడో చేపలు ఎండబెట్టుకుంటూ ఉండరు,
ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.
సగం సమాధులకి నేనే వెళ్ళాను.

మిగతా సగం?

కిటికీలోంచి అడిగాను,
సెమ్వాంగా, బండిలో పెట్రోలు ఎంతుంది?