పేరులేని లంక

భవానీ ద్వీపానికి టికెట్టుంది,
ఐస్‌క్రీం బండి ఉంది, పేరుంది.
మాకది వద్దు.
ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర టీ తాగుతుంటే
ఏ మ్యాపులోనూ లేని లంకొకటి ఉందని
జుబేర్ చెవిన పడింది.
ఆ రాత్రి నుంచి హాస్టల్లో నలుగురికీ అదే జపం.

నాంచారయ్య పుట్టి అద్దెకిచ్చాడు,
రెండు రోజులకి ఆరొందలు.
"ముగ్గురికి మించి ఎక్కకండి. రెండు దఫాలుగా పోండి.
పైన వానలు. నీళ్ళ రంగు మారితే ఆగమాకండి."
తలూపాం.
నీళ్ళ రంగు చూడ్డం మాకెవరు నేర్పారు గనక!

లంక నిజంగానే ఉంది.
మనిషెత్తు రెల్లు, అడుగు పడని ఇసుక,
ఎవరో వదిలేసిన పుచ్చపాదు,
దానికి ఒకే ఒక్క కాయ.
కెజియా నాలుగు ముక్కలు కోసింది
కొలిచినట్టు, సరిసమానంగా.
ఈ చోటు ఎవరికీ చెప్పొద్దని ఒట్టేసుకున్నాం.
ఫోన్లు ఆపేసి ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టేశాం.
"ఇక్కణ్ణించి నేను రాను పొండి" అన్నాడు మురారి,
ఇసుకలో వెల్లకిలా పడుకుని, నవ్వుతూ.

చాప కింద నీరంటే
సామెత అనుకునేవాణ్ణి.
రాత్రి రెండింటికి వీపుకి తగిలింది.
పులిచింతల గేట్లెత్తిన సంగతి
ఊరందరికీ తెలుసు,
మాకు తప్ప.
దూరంగా థర్మల్ స్టేషన్ పొగగొట్టాల మీద
ఎర్రదీపాలు
ఆరుతూ, వెలుగుతూ, ఏమీ ఎరగనట్టు.

పుట్టి ఒకటి.
ఎవరూ ఎవర్నీ ఉండిపొమ్మనలేదు.
ఫోన్ల సంచి కోసం మురారి
గుడారం వైపు పరిగెత్తాడు.
మా అందరి ఫోన్లూ.
తాడు విప్పింది నేను.
తెంపుకుపోయిందని చెప్పాను తర్వాత
పోలీసులకీ, వాళ్ళక్కకీ.
నాకు గుర్తుంది, అది
ఒక్క లాగుకి ఊడే ముడి కాదు.

తెల్లారాక నాంచారయ్యే తెచ్చాడతన్ని.
రెల్లు కోసిన అరచేతులు,
మెడకి సంచి.
ఎవరి ఫోను వాళ్ళకిచ్చాడు మురారి.
నాది మాత్రం
చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.
ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.
తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వరదొస్తే జనం
మొక్కజొన్న పొత్తులు తింటూ
బ్యారేజీ గేట్లు లెక్కపెడతారు.
గుంటూరు బస్సు వారధి ఎక్కగానే
పక్క సీటాయన మొదలుపెడతాడు,
ఏ లంక మునిగిందో, ఏది మునగబోతోందో.
అన్నిటికీ పేర్లు తెలుసాయనకి.
ఒక్కటి తప్ప.

నేను ఊఁ కొడుతూ ఉంటాను.
ఒళ్ళో బ్యాగు తాడుకి
వేళ్ళు వాటంతటవే
ముడి వేస్తూ ఉంటాయి,
గట్టిగా.