ఏడో మెరుపు

తణుకులో మూతబడ్డ స్టూడియో నుంచి
రెండు ఫ్లాష్ లైట్లు తెచ్చాను,
తొమ్మిది వేలకి, గొడుగులు ఊరికే.
"జోడెడ్లండీ, విడదీసి అమ్మను" అన్నాడు
అమ్మినాయన.
ఎడమది కుంటుతుందని మాత్రం అనలేదు.

రాజోలు బస్టాండు వెనక, మెట్ల కింద గది నాది.
తెల్లగోడ మీద పదేసిసార్లు మెరిపించి
మీటరు చెప్పింది చెప్పినట్టు
పాలకేంద్రం పుస్తకం అట్ట మీద రాశాను.
కుడిది: ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది,
విసుగొచ్చేదాకా ఎనిమిది.
ఎడమది: ఎనిమిది, అయిదున్నర,
ఎనిమిది, ఏడు, మళ్ళీ అయిదున్నర.

అది రాసేలోపే జరగాల్సింది జరిగిపోయింది.
గెద్దాడ సువార్తమ్మ ఫొటో మస్కట్ కాగితాల్లోంచి
వెనక్కి తిరిగొచ్చింది, మొహం మీద నీడని.
"ఎడం చెంప నాది కాదన్నారండీ"
అని గుమ్మంలో నిలబడి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

కుడి వైరు ఎడమకి, ఎడమ ప్లగ్గు కుడికి మార్చాను.
కుంటు వైరులో లేదు, కాల్లోనే ఉంది.
ఉప్పుగాలికి పచ్చబడ్డ ఇత్తడి పిన్నులు
గరుకు కాగితంతో రుద్దాను.
గాజుగొట్టం కొస లాంతరు చిమ్నీలా నల్లబడింది,
తుడిచాను,
నలుపు లోపలిది.

రేడియోల జీవరత్నం వచ్చి
స్క్రూడ్రైవరు నా చేతిలోంచి లాక్కున్నాడు.
"ప్లగ్గు పీకేశాను కదా అనుకోకు.
మూడొందల వోల్టులు లోపలే ఉంటాయి,
పేకాటలో ముసలాళ్ళలా
ఊరికే కూర్చున్నట్టుంటాయి."
వంద క్యాండిల్ బల్బు ఆనించాడు.
బల్బు ఒక్కసారి వెలిగి, ఆరింది.
అప్పుడు విప్పాడు మూత.

"లాకుల్లో పడవ ఎక్కావా ఎప్పుడైనా?
తొట్టి నిండాకే కదా తలుపు తీసేది.
ఇది మూడేళ్ళు ఎండిన తొట్టి.
ఈ ఎర్రదీపం ఉందే,
ముప్పావు నిండగానే నిండానని అబద్ధమాడుద్ది.
తక్కువలో పెట్టి రాత్రంతా వదిలెయ్.
పని మర్చిపోయింది, గుర్తు చెయ్యాలి."

ఆ రాత్రి దాని పక్కనే చాప వేసుకున్నాను.
ఎనిమిదింటికి స్టెబిలైజరు ముల్లు
నూట ఎనభైకి వాలింది.
కాలవ అవతల రొయ్యల చెరువుల్లో
ఏరియేటర్లు తిరగడం మొదలెట్టాయి,
నీళ్ళని చెంపదెబ్బలు కొడుతున్న చప్పుడు.
రొయ్యకి ఊపిరాడాలి,
నా లైటుకి కడుపు నిండాలి,
ఇద్దరికీ ఒకటే తీగ.

మబ్బు పట్టిన రోజు
అవి పగలు కూడా తిరుగుతాయి.
సువార్తమ్మ మొదటిసారి వచ్చింది
మబ్బురోజే.
గొడుగు మూల పెట్టి, కొంగుతో చెంపలు తుడుచుకోడం
ఇప్పుడు గుర్తొస్తోంది.

ఎండ కాసిన రోజు చూసి కబురు పెట్టాను.
పదింటికి, డబ్బులు వద్దని.
ఎర్రదీపం వెలిగింది, నమ్మలేదు.
పైకే లెక్కెట్టాను, ఒకటి, రెండు, మూడు.
"మా పిల్లా ఇంతేనండి" అంది,
"దాగుడుమూతల్లో, కళ్ళు మూసుకుని,
అయిదు తర్వాత ఎనిమిది అంటాది."
అని, నోరు మూసుకుంది,
ఫొటోలో పళ్ళు కనపడకూడదని తెలుసు ఆవిడకి.
తొమ్మిది.

రెండు చెంపలూ ఆవిడవే వచ్చాయి.
కుడిచెవి కమ్మలో రాయి లేకపోవడం కూడా వచ్చింది.
పాస్‌పోర్టు వాళ్ళకి అది అక్కర్లేదు.

ఎడమది ఇప్పుడు వరసగా ఆరుసార్లు
ఎనిమిదే చెబుతుంది.
ఏడోసారి అయిదున్నర.
ఎందుకని అడిగితే జీవరత్నం
లైటు వంక కాదు, నా వంక చూశాడు.
అట్ట మీద రాసి పెట్టుకున్నాను.
పెళ్ళివారొచ్చినా సరే, ఆరు కాగానే
అందరికీ టీ చెబుతాను.