డికాషన్ బరోలో

ట్రంకు రోడ్డులో మందుల షాపు పైన రెండో అంతస్తు,
మా హోటల్ మేనేజిమెంటు కాలేజీ.
సీసాలన్నీ ఖాళీవే.
యేసుపాదం సారు ఓడల్లో పనిచేసినప్పుడు
లుంగీల్లో చుట్టి తెచ్చుకున్నవి.

బరోలో సీసాలో పాలు పోయని టీ డికాషన్.
బార్బెరాలో నేరేడు రసం.
గావిలో నిమ్మకాయ పిండిన బోరు నీళ్లు.
మోస్కాటోకి మాత్రం
వాళ్ల చర్చిలో ప్రభువు బల్లకి పోయగా మిగిలిన ద్రాక్షరసం,
సగానికి సగం గోలీ సోడా.
"నురగ చిన్నదిగా ఉండాల, చీమ నవ్వినట్టు."
గ్లాసు కాడ పట్టుకోండి, బొజ్జ కాదు.
తిప్పండి. వాసన చూడండి.
మింగబాకండి,
మింగేది గిరాకీ పని.

పియెమోంతె అంటే కొండ పాదం,
అని తన పేరు తట్టి చూపించుకునేవాడు.
నెబ్బియోలో, పొగమంచు పేరు పెట్టుకున్న ద్రాక్ష.
అందరికన్నా ముందు చిగురేసి
అందరికన్నా ఆఖర్న పండుతుంది.
చూస్తే పలచన,
నోట్లో పోస్తే వగరు చిగుళ్లు పట్టుకుంటుంది.
దోల్చెత్తో, పేరేమో చిన్ని తీపి,
తాగితే తీపే ఉండదు.
మా మేనత్త మధురమ్మ లాగా, అన్నాను.

బరోలో అనిపించుకోవాలంటే
ఆ పదకొండు ఊళ్లలోనే పుట్టాల.
ముప్పై ఎనిమిది నెలలు ఆగాల,
అందులో పద్దెనిమిది చెక్క పీపాలో.
పక్కనుండే బార్బరెస్కోకి ఇరవయ్యారు చాలు.
మెడకి సర్కారు చీటీ, చీటీ మీద నంబరు.
అది లేకపోతే ఎవురొచ్చి చెప్పినా బరోలో కాదు.

నాకిది కొత్త కాదని సారుకి చెప్పలా.
గంగపట్నంలో మా నాయన చెంగయ్య ఎక్కే చెట్లకి
అబ్కారీ వాళ్లు తారుతో వేసిన నంబర్లుండేవి.
నలభై ఒకటి, ఇసక దిబ్బ మీది పోతుతాడు, తేలిక.
నలభై నాలుగు ఉప్పుకాలవ గట్టుది,
నాలిక చివర సముద్రం తగిలి పోతుంది.
యాభై రెండు పెంటితాడు,
ఎండలు ముదిరితే గానీ మనసు విప్పదు.
"చెంగా, ఈ పూట నలభై నాలుగులో ఇంకోటి కలిపావు గదా"
అని లోటా దించకుండానే పట్టేసే ముసలోళ్లుండేవాళ్లు.
ఊళ్లు కాదు, చెట్లు లెక్క.
ఇంక ఆగడమా?
తెల్లారి పసిబిడ్డ,
పది గంటలకి పెళ్లికొడుకు,
పొద్దు వాలేసరికి అందరినీ తిట్టే తాత.

ఒకరోజు సారు బోర్డు మీద రాశాడు:
బరోలో వాసన - తారు, గులాబి.
"తారు తాగుతారా సార్?" వెనక బెంచీ.
నేను నవ్వలా. నా పక్కన మస్తాన్‌వలీ కూడా.
వాళ్ల నాయన దర్గా ముందర పూలమ్ముతాడు,
రొట్టెల పండగ వారమైతే
వాడి నోట్సు తెరిచినా గులాబి.
నేను వేసుకొచ్చేది మా నాయన చొక్కా,
రొమ్ము మీద చెట్టు నంబరంటిన నల్లమరక,
ఎన్ని ఉతుకులకీ పోలా.
మూత తీయకుండానే
బరోలో మా బెంచీ మీద ఉండాది.

ఒక్క చుక్క ముట్టకుండా
మస్తాన్ తొంభై ఆరు తెచ్చుకున్నాడు.
నాకు డెబ్బై.

మద్రాసు హోటల్లో రెండో ఏడాది.
పన్నెండో టేబులు వాళ్లు గొడవపడి లేచిపోయారు,
సీసాలో నాలుగు వేళ్లు వదిలేసి.
దగ్గు మందు సీసా మూడుసార్లు కడిగి నింపుకుని
రాత్రి బస్సెక్కా.

నాయన కాడ పట్టుకోలా, తిప్పలా.
మూతలో రవ్వంత పోసుకుని
నాలిక కింద ఉంచుకుని
గోడ వైపు చూస్తా కూచున్నాడు.
నేను ఊళ్లు చెప్తా ఉండా, నెలలు చెప్తా ఉండా,
పీపా ఏ చెక్కతో చేస్తారో చెప్తా ఉండా.

"అదంతా సరే గానీ అబ్బయా,
ఎన్నో నంబరు చెట్టు?"

సీసా తిప్పి చూశా.
దగ్గు మందు పేరే ఉండాది.