సూదంటురాళ్ళు పదిహేను

బుధవారం మూడో పీరియడ్, ఏడో తరగతి సి సెక్షన్.
తోపుడుబండి మీద ఎనిమిది ట్రేలు సర్దుతాను.
అరటిపళ్ళ బండే అనుకోండి,
బేరాలు ఉండవు, అంతే.

ట్రేకి రెండు సూదంటురాళ్ళు,
ఉప్పుడబ్బాలో ఇనపరజను, ఒక తెల్లకాగితం,
గుప్పెడు గుండుసూదులు,
చెలామణీ పోయిన రెండు సెంట్ల నాణెం.
నాణెం అంటుకోదు.
అంటుకోదని వాళ్ళే కనిపెట్టాలి,
నేను చెప్పకూడదు.

రజను ఒంటికి తగిలిందా, రాయికి గడ్డం మొలుస్తుంది,
ఏ మంగలీ గీయలేడు.
అందుకని ఒక్కోదానికీ ప్లాస్టిక్ సంచి తొడుగుతాను
చంటిపిల్లల కాళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టు.

నా గదికీ వాళ్ళ గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ.
ట్రేలు అటు వెళ్తాయి, ఇటు వస్తాయి.
వాళ్ళకి నేనంటే రెండు చేతులు,
ఎడమచేతికి ఒక గాజు.

వయాలా ఉక్కు ఊరు.
వాన చుట్టపుచూపు, ఎర్రదుమ్ము ఇంటిమనిషి.
పొద్దున ఆరేసిన తెల్లదుప్పటి
సాయంత్రానికి లేతగులాబీ.

ఆ రోజు వెళ్ళినవి పదహారు, వచ్చినవి పదిహేను.
సింకు కింద వెతికాను, చెత్తబుట్ట బోర్లించాను,
స్టాఫ్‌రూమ్ ఫ్రిజ్ తలుపు కూడా చూశాను.
పిల్లల ట్రేల మీద పెద్దలకీ ఆశే కదా.
"పోనీండి, నాలుగు డాలర్లు" అన్నారు ఫెనెక్ మాస్టారు.
పోయింది డాలర్లు కాదు మాస్టారూ, జత.
ఒంటరి సూదంటురాయి దేన్ని తోస్తుంది?
రిజిస్టర్లో రాశాను: గల్లంతు, ఒకటి.

మూడు వారాలకి
కిటికీ గట్టు మీద ఒక వెజిమైట్ సీసా దిగింది.
వెనక, మునివేళ్ళ మీద నిలబడి, ఎస్మీ ట్రెగెన్‌జా.
సీసాలో మూడు వేళ్ళ మందాన నల్లటి పొడి,
మూత మీద, దారం కట్టిన నా పదహారోది,
గడ్డంతో, మీసాలతో, ఋషిలాగా.
సీసాకి అంటించిన చీటీలో లెక్క:
నాన్న బూట్లు, నాలుగు రోజులు.
కిటికీ రేకు, రెండు రోజులు.
కుక్క, ఒక రోజు.

తిట్లు నోటిదాకా వచ్చాయి.
కుక్క దగ్గర ఆగిపోయాయి.

"ఎరుపంతా అంటదు మిస్.
నలుపొక్కటే లేస్తుంది.
ఎరుపు లోపల నలుపు ఎందుకుంది?"

ఈ కిటికీలోంచి పదకొండేళ్ళుగా
పగిలిన బీకర్లు వచ్చాయి, తడిసిన తీగలు వచ్చాయి,
నమిలిన రబ్బరు గొట్టం ఒకసారి వచ్చింది.
ఎందుకు అనేది ఇప్పుడే రావడం.

జవాబు నాకు తెలుసు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ,
రెండు రకాల ఇనపరాళ్ళు, వాటి ఫార్ములాలు,
అన్నీ నాలుక చివరే ఉన్నాయి.
నాలుకకి సంచి తొడిగాను.

"మా భాషలో దీని పేరేమిటో తెలుసా?"
చెప్పాను. రెండుసార్లు పలికింది,
మొదటిసారి టు జారిపోయింది, రెండోసారి దొరికింది.
"అర్థం?"
సూది అంటే రాయి.
ఎవరో ఎప్పుడో చేసి చూశారు,
చూసిందాన్నే పేరు పెట్టేశారు,
పాఠం వేరే రాయలేదు.

కాసేపు రాయిని చూసింది, నా వైపు చూసింది.
"అయితే సూది ఇవ్వండి."

గుండీలు కుట్టుకునే డబ్బాలోంచి తీసి
కన్ను నా వైపు, మొన నా వైపు, ఎటూ తేలక
కాగితంలో గుచ్చి ఇచ్చాను.
ఒకే వైపు రుద్దు, వెనక్కి రాకు,
యాభై దాకా. అంతే చెప్పాను.

గంట కొట్టారు. బెంచీలు జరిగాయి, అరుపులు, సంచులు.
గోడ అవతల పద్దెనిమిది, పంతొమ్మిది.

గల్లంతు కొట్టేశాను.
కింద వరసలో రాశాను: వెళ్ళినది, సూది, ఒకటి.
తిరిగివచ్చు తేదీ అన్న గడిలో
కలం కాసేపు ఆడించి
మూత పెట్టేశాను.