నాలుగో బల్ల

గోల్డ్‌కోస్ట్‌లో జనవరి అంటే
పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడే ఎండ.
పార్కు గేటు ముందు నాలుగో బల్ల నాది.
చేతిలో మూరెడు చెక్కపుల్ల.
దానితోనే లోకంలోని సంచులన్నీ కలియబెడతాను,
పప్పు అడుగంటకుండా కలిపినట్టు.

బ్యాడ్జి మీద మల్లి అని ఉంటుంది.
నాగమల్లేశ్వరి అందులో పట్టలేదు.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే
అందరూ భుజాలు తడుముకుంటారు, నవ్వుతారు.
"బాంబేమీ లేదులే" అన్నవాణ్ణి పక్కకి పంపాలి, రూలు.
వాడి పిల్లలు ఏడుస్తారు.
ఏమీ అననివాడి గురించి రూలేమీ లేదు.

తొమ్మిదేళ్లలో నాకు దొరికినవి:
తడి ఈతబట్టలు, సగం కొరికిన మామిడిపండు,
ఇన్సులిన్ సూదులు, బతికున్న తాబేలు,
కేకు కోయడానికి తెచ్చిన చాకు ఒకటి
(ఆ పుట్టినరోజు పిల్ల నన్ను చూసిన చూపు ఇంకా పోలేదు),
ఓ ముసలాయన సంచిలో ఆడవాళ్ల చెప్పులు,
ఒకే జత, అట్టపెట్టె కూడా విప్పనిది.
అడగలేదు. చెప్పులు నిషేధం కాదు.

దొరకనివి ఎన్నో
నాకెలా తెలుస్తుంది?

సూపర్‌వైజర్ కొలీన్ నెలకోసారి
ఎవరి సంచిలోనో బొమ్మ పిస్తోలు దాచి పంపుతుంది.
పోయిన నెల అది నా పుల్ల కిందనుంచే
డైపర్ల మధ్య పడుకుని లోపలికి పోయింది.
ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఐదో బల్ల మలకాయ్‌ది. టోంగా మనిషి, తలుపంత భుజాలు.
"వచ్చేవాడికి లోపలికెందుకు?" అంటాడు,
"ఇదిగో ఈ వరస చాలదూ?
ఎనిమిది వందల మంది, కదలకుండా,
మనమే నిలబెట్టాం."
వెనక నీళ్ల పంపుల దగ్గర కంచెకి కంత ఉంది,
ఐబిస్ కొంగలు దూరతాయి,
వాటి వెనకే టికెట్టు లేని కుర్రాళ్లు,
అదీ చెప్తాడు.
మరి నువ్వెందుకు చేస్తున్నావంటే
"గంటకి ఇరవై తొమ్మిది డాలర్లు" అని నవ్వి
తర్వాతి సంచిని
నాకంటే రెండింతలు ఓపిగ్గా వెతుకుతాడు.

మంగళవారం సెలవు.
మా పిన్ని కొడుకు కౌండిన్యని వెంటబెట్టుకుని
అదే గేటుకి టికెట్టు కొని వచ్చాను.
నా బల్ల దగ్గర కొత్త కుర్రాడు లాక్లన్.
జిప్పు సగం తీశానో లేదో
"నువ్వే కదా, వెళ్లు వెళ్లు" అన్నాడు.
పుల్ల ఎత్తనేలేదు.

గర్వపడాలి కాబోలు.

రైలు ఎత్తుకి ఎక్కుతోంది, కింద గొలుసు టకటకమంటూ.
కౌండిన్య చేతులు గాల్లో.
దూరాన సముద్రం ఉందట, వాడు చూపిస్తున్నాడు.
నేను సంచుల్ని చూస్తున్నాను:
బెంచీల కింద, పిల్లల బళ్ల మీద, భుజాలకి వేలాడుతూ
వందల జిప్పులు, అన్నీ మూసి.
లాక్లన్ ఇంకా ఎవరెవరితో
"నువ్వే కదా" అన్నాడో.
తొమ్మిదేళ్లలో మొదటిసారి అక్కడ భయమేసింది,
పడతానని కాదు.

మర్నాడు బల్ల ముందు ఒక తల్లి,
చంకలో బిడ్డ, మెడ మీద చెమట,
"దీనివల్ల నిజంగా లాభమేమైనా ఉందా?" అంది.
కొలీన్ నేర్పిన జవాబు ఒకటుంది.
అది నోటికి రాలేదు.
"ఏమోనమ్మా, తెలీదు" అన్నాను
పొరపాటున తెలుగులో.
ఏమర్థమైందో ఏమో
సంచి రెండో అర కూడా తనే తెరిచింది.
లోపల ద్రాక్షపళ్ల డబ్బా, మూత వదులు.
గట్టిగా బిగించి
ఇచ్చేశాను.