పాలపిండి డబ్బ లెక్క

దోహ సనయ్యల పద్నాలుగో నంబరు రూము.
శుక్రారం పొద్దుగూకంగ
బట్టలు పిండుకున్నంక మా కచేరి.
పదకొండు మందిమి, మనిషికి పది రియాళ్లు,
పాలపిండి డబ్బల ఏస్తం.
లెక్క నాది. ఇనుము వంచే చేతుల
పెన్సిలు మొదట్ల నిలవకపోయేది.

మొదటేడు ఊరికి కమాను కట్టిచ్చినం.
రంగుతోని మా పేర్లు రాసిన్రు,
ఓదెలు పేరుకు చివరి కొమ్ము మర్సిన్రు.
దాని కిందికెళ్లి బర్లు పోయినయి, బస్సు పోయింది.
ఎవలి కడుపునొప్పి తగ్గిందని
ఎవ్వలం అడగలే.

రెండో యేడు బడి పిల్లలకు సంచులు.
ఫొటోలొచ్చినయి, చూసి మురిసినం.
నేను పంతులమ్మకు ఫోను కొట్టిన:
"బడికొచ్చే పిల్లలు పెరిగిన్రా మేడం?"
ఆమె నవ్వింది.
"సంచులు పెరిగినయి తమ్మీ."
ఆ రాత్రి నిద్ర వట్టలే.
వంద రియాళ్లంటే ఎన్ని రాడ్లో, ఎంత ఎండో
నా నడుముకెరుక.

మూడో యేడు తాగే నీళ్లల్ల క్లోరిను మందు.
రెండు వాడలకు సరిపడ పైసల్లేవు.
ఎవలికి ముందని చీటి తీసినం,
పై వాడ పేరొచ్చింది.
"కిందోళ్లు ఏం పాపం చేసిన్రు?" అన్నడు లస్మన్న.
ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుతది.
ఆశా వర్కరు పోచవ్వ వానకాలమంత గీతలు గీసింది:
వాంతులు భేదులు, కింది వాడల ముప్పై ఒకటి,
పై వాడల తొమ్మిది.
ఖర్సు, కమాను రంగు డబ్బల కంటె తక్కువ.
మర్నాడే కింది వాడకు అప్పు చేసి పంపినం.

నాలుగో యేడు ఇంటింటికి నల్లా వచ్చింది.
మా పైసలకు పని తప్పింది.
పై బంకు మీద ధన్‌బహదూర్
కాలికి నూనె రాసుకుంటుండు. ఏమడగలే.
మేమే అడిగినం.
వాళ్ల ఊట మూడు మలుపుల కింద,
పసులు, పిల్లలు ఒక్కకాడనే తాగుతరు.

"మన చెమట పరాయి దేశానికా?"
ఓదెలు గుర్రుమన్నడు.
ఎవ్వలు బదులియ్యలే.
నిన్ననే ఆయన గడ్డం గీసింది
గల్లీ మూలమీది బంగ్లాదేశు మంగలి,
పైసలు లేవంటె మళ్ల ఇయ్యమన్నడు.

ఆషాఢంల ముత్యం నిద్రలనే పోయిండు.
డబ్బ బోర్లేసినం.
పిల్లల ఫీజు, ఇంటి కిస్తు.
ఇది ఏ గీత కింద రాయాలని
ఎవ్వలు అడగలే, నేను రాయలే.
ఆ పేజి తెల్లగనే ఉంది.

మూడు శుక్రారాలు డబ్బ చప్పుడు చెయ్యలే.
నాలుగోసారి ముందుగాల ఏసింది ఓదెలే.
"నేపాలుకే పంపు. ఊకెనే గాదు,
లెక్క తెప్పియ్యి."

చలి మొదలైనంక ధన్‌బహదూర్ చెల్లె మెసేజి:
పోయినేడు ఇరవై, ఈ యేడు ఏడు.
రూమంత లేసి కూసుంది, ఎవలో ఈల ఏసిన్రు.
ఓదెలు మాత్రం చాయి దించి,
"పోయినేడు ఆడ వానలెంత? ఈ యేడెంత?
మందెయ్యని పక్కూర్లె ఎందరు?"

ధన్‌బహదూర్ నా దిక్కు చూసిండు.
ఏడు అంకె పక్కన
చిన్నగ ప్రశ్న గుర్తు పెట్టిన.
ఆయన మళ్ల నంబరు కొట్టిండు.
ఏడనో కొండ మీద మోగుతుంది, ఎత్తుతలేరు.